పద్నాలుగో గది వంట

ఆదివారం ఉదయం పదిన్నరకి వసతి గృహం వంటశాలలో స్టవ్వులన్నీ వెలుగుతున్నాయి. జురాంగ్ ఈస్ట్ స్టేషన్ నుంచి బస్సులో ఇరవై నిమిషాల దూరం. దేశం దాటి వచ్చి షిప్‌యార్డుల్లో పనిచేసేవాళ్ళు వేలమంది ఉండే చోటు. గోడవారగా వరసగా ఉన్న స్టవ్వుల్లో పదకొండోది పద్నాలుగో గది వాళ్ళది. దాని ముందు కొండయ్య నిలబడి ఉల్లిపాయలు తరుగుతున్నాడు. నలభై నాలుగేళ్ళ మనిషి. వారంలో ఆరు రోజులు ఓడల చుట్టూ ఇనప పరంజాలు కడతాడు. బోల్టులు బిగించి బిగించి గరుకెక్కిన చూపుడువేలుని కత్తి వెన్ను మీద ఆనించి, చెక్కపలక మీద నుంచి చూపు ఎత్తకుండా తరుగుతున్నాడు. పక్కన బేసిన్‌లో పసుపు, ఉప్పు పట్టించిన చేప ముక్కలు. నానబెట్టిన చింతపండు మీద మూత. పదిమందికి వంట.

అతనికి రెండడుగుల దూరంలో ప్రొఫెసర్ గెసీనా బ్రోక్‌హోఫ్ నోటుపుస్తకం పట్టుకుని నిలబడింది. పొడుగాటి మనిషి, అరవై అయిదేళ్ళు. చెమటకి కళ్ళద్దాలు ముక్కు మీద జారుతుంటే మణికట్టుతో పైకి తోసుకుంటోంది. జర్మనీలో ముప్పై ఏళ్ళు, ఇక్కడి విశ్వవిద్యాలయంలో ఏడేళ్ళు ఆవిడ పాఠం చెప్పింది ఒకటే: ఇంటిపని ఎవరి నెత్తిన పడుతుంది, ఎందుకు పడుతుంది. వచ్చే నెలాఖరుకి రిటైరవుతుంది. ఆడవాళ్ళు లేని ఇళ్ళలో మగవాళ్ళ ఇంటిపని, అదీ ఆవిడ ఆఖరి పుస్తకం.

మధ్యలో నిఖిల. రికార్డరు స్టవ్వు పక్క గట్టు మీద పెట్టి, ఆవిడ ఇంగ్లీషుని తెలుగులోకీ, కొండయ్య తెలుగుని ఇంగ్లీషులోకీ మారుస్తోంది. రెండేళ్ళుగా ఆవిడ దగ్గర పరిశోధన సహాయకురాలు. సొంతూరు విజయనగరం. కొండయ్యది శ్రీకాకుళం దగ్గర పల్లె కాబట్టి ఆ యాస ఆమెకి కొత్త కాదు. ఆ కారణంగానే గెసీనా ఈ ఇంటర్వ్యూలకి ఆమెని పెట్టుకుంది.

"వొదినా! అన్నం అయిందేటే?"

కేక తలుపు దగ్గర్నుంచి వచ్చింది. తిరుమలేష్ అని, అదే గదిలో ఉంటాడు, క్రేను నడుపుతాడు. వెనక రామారావు, ఇంకో ఇద్దరు. రామారావు గదిలో అందరికన్నా పెద్ద, సూపర్‌వైజరు కూడా. నలుగురూ నవ్వారు. తుండుగుడ్డ భుజాన వేసుకున్న ఒకతను గొంతు సన్నం చేసి, "వొదినకి కోపమొచ్చిందిరా, కేకలెయ్యకండి" అన్నాడు. మళ్ళీ నవ్వులు.

కత్తి ఆగింది. కొండయ్య కుళాయి తిప్పి, కడగాల్సిందేమీ లేకపోయినా చేతులు కడుక్కున్నాడు. స్టవ్వు కాస్త తగ్గించి మళ్ళీ తరగడం మొదలుపెట్టాడు.

"వదినా, వదినా. ఇప్పటికి నాలుగుసార్లు విన్నాను. ఏమిటా మాట?" గెసీనా అడిగింది.

"అన్నగారి భార్య" అంది నిఖిల.

గెసీనా కళ్ళు పెద్దవయ్యాయి. "ఇతన్నే పిలుస్తున్నారా అలా?"

నిఖిల చుట్టూ చూసింది. తలుపు దగ్గర నలుగురు. పక్క స్టవ్వుల దగ్గర తమిళులు, బంగ్లాదేశ్ వాళ్ళు. కొండయ్య తల ఎత్తలేదు గానీ, అతని చెవులు ఇటే ఉన్నాయని తెలుస్తూనే ఉంది. 'అయిందేటి' అనొచ్చు, 'అయిందేటే' అన్నారు. చివరన తగిలించిన ఆ 'ఏ' మగవాడికి అనేది కాదు. దాన్ని ఇంగ్లీషులో చెప్పడానికి మాటలేదు. ఉన్నా ఈ వేడిలో, ఇంతమందిలో, ఒక పరాయి దేశపు మనిషికి మనవాళ్ళ గురించి చెప్పబుద్ధి కాలేదు.

"ప్రేమగా పిలుస్తారు. అందరికీ వండిపెడతాడు కదా" అంది.

గెసీనా పెద్దగా నవ్వింది. సంతోషంతో నవ్విన నవ్వు. నోటుపుస్తకంలో ఆ మాట రాసుకుని కింద రెండు గీతలు గీసింది. "అలా పిలిస్తే తనకెలా ఉంటుందో అడుగు."

నిఖిల కొండయ్య వైపు తిరిగింది. "మేడమ్ గారు, ఇక్కడ అందరూ కలిసి ఉండటం ఎలా ఉందని అడుగుతున్నారండీ."

"అలవాటైపోనాదమ్మా."

"అలవాటేనట. బాగానే ఉంటుందట" అని ఇంగ్లీషులో చెప్పింది.

గెసీనా చివరి ప్రశ్న అడిగింది. వండేది ఇతనే అని నిర్ణయించింది ఎవరు? దీన్ని నిఖిల ఉన్నదున్నట్టు తెలుగులో అడిగింది. కొండయ్య కత్తి కింద పెట్టి తల ఎత్తాడు.

"ఎవులూ అన్లేదమ్మా. వొచ్చిన మొదటోరం నాను పప్పు సేసినాను. బాగుందన్నారు. అంతే."

"ఎప్పుడది?"

"ఆరేళ్ళైపోనాది."

ఆ జవాబుని నిఖిల ఇంగ్లీషులో చెబుతుంటే, అతను తన మాట తనకే కొత్తగా వినబడ్డట్టు అలాగే నిలబడ్డాడు. తర్వాత నూనెలో ఉల్లిపాయలు వేశాడు.

సోమవారం గెసీనా గదిలో సగం పుస్తకాలు పెట్టెల్లోకి వెళ్ళిపోయాయి. ఖాళీ అలమరల మధ్య ఆవిడ ఉత్సాహంగా తిరుగుతోంది. శుక్రవారం సాయంత్రం వీడ్కోలు ఉపన్యాసం. డీన్, ఇతర విభాగాల వాళ్ళు, పాత విద్యార్థులు, జర్మనీ నుంచి ఇద్దరు వస్తున్నారు. నెల రోజులుగా దొరకని శీర్షిక నిన్న ఆ వంటశాలలో దొరికింది.

"పద్నాలుగో గది వదిన" అంది, తెలుగు మాటని తన జర్మన్ నోటితో జాగ్రత్తగా పలుకుతూ. "చూడు. కన్నవాళ్ళకి, పెళ్ళాంపిల్లలకి దూరమైన పదిమంది మగవాళ్ళు. వాళ్ళకో కుటుంబం కావాలి. తమలో ఒకణ్ణి వదిన చేసుకున్నారు, ప్రేమగా. ఇన్నేళ్ళలో నాకు ఇంతకన్నా మంచి ఉదాహరణ దొరకలేదు."

నిఖిల పెట్టె అట్టకి టేపు అంటిస్తూ ఉండిపోయింది.

"నాకూ ఒక పేరుండేది, తెలుసా?" గెసీనా కిటికీ గట్టు మీద కూర్చుంది. "మా ఊరి రేవులో నావికుల బట్టలు ఉతికిన ఆడవాళ్ళ మీద నా పరిశోధన. మొదటి సెమినార్లో పత్రం చదివాక మా ప్రొఫెసరు అన్నాడు, 'మన విభాగానికి ఒక ఉతుకుడమ్మ వచ్చింది, చొక్కాలు జాగ్రత్త' అని. అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. పదకొండేళ్ళు ఆ పేరు పోలేదు. ఏడాదికొకటి చొప్పున తాత్కాలిక ఉద్యోగాలు. ఏ ఊరికి ఇంటర్వ్యూకి వెళ్ళినా బల్లకి అవతల కూర్చున్న ఎవడో ఒకడు ఆ మాట అనేవాడు. తర్వాత నేనే ముందుగా అనేసేదాన్ని. వాళ్ళూ ప్రేమగానే అనేవాళ్ళులే."

చివరి వాక్యం ఆవిడ పెట్టెలోకి వంగి అంది.

ఆ మధ్యాహ్నం నిఖిల చెవుల్లో హెడ్‌ఫోను పెట్టుకుని రికార్డింగు రాయడానికి కూర్చుంది. నియమం ప్రకారం ఎడమ వరసలో తెలుగు, కుడి వరసలో ఇంగ్లీషు. వదిన దగ్గరికి వచ్చేసరికి రెండు వరసలూ కలవడం మానేశాయి. గెసీనా అడిగింది ఒకటి, తను అడిగింది ఒకటి. అతను చెప్పింది ఒకటి, తను చెప్పింది ఇంకొకటి. విభాగంలో తెలుగు చదవగలిగిన మనిషి తను తప్ప ఇంకొకరు లేరు. ఎడమ వరసలో నాలుగు మాటలు అటూ ఇటూ చేస్తే ఎవరికీ తెలియదు. కాసేపు వేళ్ళు కీబోర్డు మీద పెట్టుకుని కూర్చుంది. చివరికి తెలుగు విన్నది విన్నట్టే కొట్టింది. కుడి వరస ఖాళీగా వదిలేసి ఫైలు మూసేసింది.

గెసీనా వెళ్ళిపోతే నిఖిల ఉద్యోగం కూడా పోతుంది. పీహెచ్‌డీకి రెండు చోట్ల దరఖాస్తు పెట్టుకుంది. రెండింటికీ గెసీనా సిఫారసు ఉత్తరమే ఆధారం. ఉత్తరం ఇంకా రాయలేదు. ఉపన్యాసం అయ్యాక రాస్తానంది.

ఆ మాటని శీర్షికలో వాడాలంటే కొండయ్య ఒప్పుకుంటూ సంతకం పెట్టాలి. ఆ కాగితం తీసుకుని బుధవారం సాయంత్రం నిఖిల క్లెమెంటిలో రైలెక్కి జురాంగ్ ఈస్ట్‌లో దిగింది. స్టేషన్ పక్క, చవక తిండి కొట్లుండే హాకర్ సెంటర్లో ఒక బల్ల మీద టిష్యూ ప్యాకెట్టు పెట్టి, ఇక్కడివాళ్ళలా చోటు 'చోప్' చేసుకుని, రెండు టీలు తెచ్చి కూర్చుంది. పని దిగి లారీ నుంచి నేరుగా వచ్చాడు కొండయ్య. కంపెనీ టీషర్టు వీపంతా ఉప్పు చారలు. కుర్చీ అంచు మీద కూర్చున్నాడు.

"తిన్నారా?" అంది.

"ఇయాల కొనుక్కున్న పేకెట్టే" అన్నాడు. "సోమారం నించీ పేకెట్లేనమ్మా. నాను వొండటం మానీసినాను."

నిఖిల కప్పు కింద పెట్టింది.

"ఆ మేడమ్ అడిగిన కాణ్నించి అదే బుర్రలో తిరుగుతన్నాది. ఎవులన్నారు నన్ను వొండమని? ఎవులూ అన్లేదు. మరెందుకు నాలుక్కి లెగుస్తన్నాను? ఆదోరం సాయంత్రమే రామారావన్నకి సెప్పినాను, రేపట్నించి తలోరోజూ సేద్దారి అని. నవ్వినారు. 'వొదిన అలిగింది' అన్నారు. సోమారం తెల్లారి నాలుక్కి మెలకువొచ్చీసింది. కళ్ళు తెరుసుకుని పడుకునున్నాను. ఎవులూ లెగలేదు. అందరూ ఖాళీ కడుపుల్తో లారీ ఎక్కినారు." టీ కప్పుని రెండు చేతుల్తో పట్టుకున్నాడు గానీ తాగలేదు. "మూడు రోజులై నాతో ఎవులూ మాటాడ్లేదమ్మా. తిరుమలేసు నా పైమంచమే. దిగేటప్పుడు నా వైపు సూడడు."

నిఖిల కాగితం తీసి బల్ల మీద పెట్టింది. చెప్పవలసిందంతా చెప్పింది. శుక్రవారం ఉపన్యాసం, శీర్షిక, అతని పేరు గానీ ఊరి పేరు గానీ ఎక్కడా రాదు, ఇష్టం లేకపోతే సంతకం పెట్టనక్కర్లేదు.

"ఆ మాట బోర్డు మీద రాస్తారేటి?"

"తెర మీద. ఇంగ్లీషు అక్షరాల్లో."

"మరీని. ఇప్పుడు పదిమందికే తెలుసు." అతను కాగితాన్ని ముట్టుకోలేదు. ఆమె ముఖంలోకి చూశాడు. "ఆయేళ మేడమ్ నవ్వినారు కదమ్మా. పెద్దగా నవ్వినారు. అలాగ నవ్వీలాగ మీరేటి సెప్పినారు?"

"ప్రేమగా పిలుస్తారని చెప్పాను."

"మీదే ఊరమ్మా?"

"విజయనగరం."

"అయితే మీకు తెలుసు" అన్నాడు కొండయ్య.

కోపంగా అనలేదు. అని, టీ ఒక్క గుక్కలో తాగేసి, ఖాళీ కప్పులు రెండూ ట్రేలో పెట్టుకుని తీసుకెళ్ళి ఇచ్చేసి వచ్చాడు. బస్సు వేళయిందని వెళ్ళిపోయాడు. నిఖిల కాగితం మడతపెట్టి సంచిలో వేసుకుంది.

గురువారం ఉదయం తొమ్మిదింటికి నిఖిల గెసీనా గది తలుపు తట్టింది. కూర్చోమన్నా కూర్చోకుండా చెప్పింది. ఆ మాటకి అర్థం, చివరన ఉన్న 'ఏ', సన్నగొంతు వెక్కిరింత, తను మార్చిన ప్రశ్న, తను చేర్చిన ప్రేమ. అతను కాగితం ముట్టుకోలేదన్నదీ, మూడు రోజులుగా వండటం లేదన్నదీ చివర చెప్పింది.

గెసీనా కళ్ళద్దాలు తీసి బల్ల మీద పెట్టింది. "నీకిది ఆదివారమే తెలుసు."

"తెలుసు."

"ఇవాళ గురువారం."

"అవును."

ఆవిడ రికార్డరు అడిగింది. ఆ భాగం వెతికి పెట్టమంది. పలక మీద కత్తి చప్పుడు, దూరంగా కేక, నవ్వులు. ఆ నవ్వుల కింద కత్తి చప్పుడు లేదు. కుళాయి నీళ్ళు. మళ్ళీ కత్తి. గెసీనా వెనక్కి తిప్పి మళ్ళీ విన్నది. మూడోసారి గడియారం చూస్తూ విన్నది.

"కత్తి తొమ్మిది సెకన్లు ఆగింది" అంది. "దీనికి తెలుగు అక్కర్లేదు. నేను అక్కడే నిలబడి ఉన్నాను. ఆ తర్వాత నోటుపుస్తకంలో గీతలు గీసుకున్నాను."

తర్వాత నిఖిలని వెళ్ళమని, లేచి తలుపు వేసుకుంది. గొంతు హెచ్చలేదు, తగ్గలేదు. నిఖిల తన బల్ల దగ్గర కూర్చుని ఉత్తరం పోయిందనుకుంది. అనుకున్నాక పెద్ద భారమేమీ అనిపించలేదు. ఆ తేలికని మాత్రం నమ్మలేదు. నాలుగింటికి గెసీనా నుంచి రెండు వాక్యాల ఈమెయిలు వచ్చింది: "రాతప్రతి పంపు. కుడి వరసలో నువ్వు నాకు చెప్పిందీ, చెప్పవలసిందీ, రెండూ ఉండాలి."

శుక్రవారం హాలు నిండింది. డీన్ గెసీనాని పరిచయం చేస్తూ ఆవిడ పుస్తకాలు, బహుమతులు, ఆవిడ చేతికింద డాక్టరేట్లు తీసుకున్న పందొమ్మిదిమంది గురించి చెప్పాడు. చివరకి, ఆవిడే ఎన్నో సభల్లో చెప్పుకున్నదే కదా అని, "మన ఉతుకుడమ్మ" అన్నాడు. హాలంతా ఆత్మీయంగా నవ్వింది. గెసీనా మైకు దగ్గరికి వచ్చి నవ్వులు ఆగేదాకా నిలబడింది. ఆవిడ నవ్వకపోవడం ముందు వరసల వాళ్ళు కొంచెం ఆలస్యంగా గమనించారు.

తెర మీద శీర్షిక లేదు. రెండు వరసల కాగితం ఉంది. అవమానించిన మాట ఉన్నచోట నల్లగీత.

"ఈ మాట మీకు చెప్పను. చెప్పొద్దన్న మనిషికి దాని బరువు తెలుసు" అని మొదలుపెట్టింది. ఒక గదిలో పదిమంది మగవాళ్ళున్నారని, ఒకడు వండుతాడని, ఆ పని అతనిదని ఎవరూ అనలేదని చెప్పింది. పని ఎప్పుడూ అలాగే వచ్చి పడుతుందని, ముప్పై ఏడేళ్ళుగా తాను రాసిందంతా ఆ ఒక్క ముక్కేనని అంది. "అతన్ని ఒక పేరు పెట్టి వెక్కిరిస్తే, అది ప్రేమ అని నాకు అనువాదమై వచ్చింది. నేను వెంటనే నమ్మాను. ఎందుకు నమ్మానో నిన్నంతా ఆలోచించాను. నా పేరుని నేను కూడా మీ అందరికీ అలాగే అనువాదం చేసి పెట్టాను. ప్రేమ అన్నాను. అది ప్రేమ కాదు. దానివల్ల ఒక స్థిరమైన ఉద్యోగానికి నాకు పదకొండేళ్ళు పట్టింది."

డీన్ ఒళ్ళోని కాగితాలు సర్దుకున్నాడు.

"నా సహాయకురాలు నిఖిల నన్ను సరిదిద్దింది" అంది గెసీనా. "నాలుగు రోజులు ఆలస్యంగా."

ఎవరో నవ్వబోయి ఆగారు. అయిదో వరసలో కూర్చున్న నిఖిల తల దించుకోలేదు. దించుకోవాలని అనిపించింది.

టీ దగ్గర జనం పలచబడ్డాక గెసీనా ఆమె పక్కకి వచ్చింది. "ఉత్తరం రాస్తాను. ఆదివారం చేసింది రాస్తాను, గురువారం చేసింది కూడా రాస్తాను. వాళ్ళకి పంపాలో వద్దో నువ్వు చెప్పు."

నిఖిల ఆలోచించింది. ఎక్కువసేపు పట్టలేదు. "పంపండి" అంది.

ఆ మాట ఎక్కడా చూపించలేదని చెప్పడానికి ఆదివారం మధ్యాహ్నం నిఖిల వసతి గృహానికి వెళ్ళింది. గేటు పక్క సిమెంటు బల్ల మీద కూర్చున్నాడు కొండయ్య. తలకి నూనె రాసుకుని నున్నగా దువ్వుకున్నాడు. ఆమె చెప్పింది విని "మంచిదమ్మా" అన్నాడు.

గదిలో వంతులు నిన్నటి నుంచి మొదలయ్యాయి. పేకెట్ల తిండి అయిదు రోజులకే మొహం మొత్తింది. ముందు దిగివచ్చింది రామారావే. మొదటి వంతు తనే తీసుకుని అన్నం మాడబెట్టాడు. ఇవాళ తిరుమలేష్ వంతు.

"పొద్దున్న వోడు గెరిటట్టుకుని నిలబడితే మావోళ్ళు వోణ్ని 'వొదినా' అన్నారమ్మా. నానూ నవ్వీసినాను. నవ్వినాక తెలిసింది." అరచేతిలోని పాత మచ్చని వేలితో రుద్దుకున్నాడు. "అనొద్దర్రా అన్నాను. ఇద్దరు మానినారు. మిగతావోళ్ళు సూడాల."

ఫోను మోగింది. భార్య సూరమ్మ, వీడియో కాలు. పెద్ద బొట్టు, వెనక నీలం గోడ. కొండయ్య ఫోనుని చెయ్యి చాపి దూరంగా పట్టుకున్నాడు.

"ఇంకా తిన్లేదేటి?" అంటోంది ఆవిడ.

"లేదు. తిరుమలేసు వొండుతన్నాడు. ఇయాల నా వొంతు కాదు."

"నీ వొంతేటి? నువ్వు వొండటమేటి?"

కొండయ్య నిఖిల వైపు ఒకసారి చూసి, మళ్ళీ ఫోను వైపు తిరిగాడు. ఇంట్లో ఇన్నాళ్ళూ చెప్పలేదని నిఖిలకి అప్పుడే అర్థమైంది. "నానే వొండుతన్నాను సూరమ్మా. ఆరేళ్ళై. పదిమందికి."

సూరమ్మ ఫోనుని ముఖానికి దగ్గరగా తెచ్చుకుంది. ఎక్కడో కోడి అరిచింది.

"ఏటేటి వొండుతావు?"

అతని ముఖం విచ్చుకుంది. పప్పు, చారు, కోడికూర, ఆదివారం చేపల పులుసు అని వరసగా చెప్పాడు. పులుసులో చింతపండు ఎప్పుడు పొయ్యాలో, చేపముక్క విరక్కుండా గిన్నెని ఎలా తిప్పాలో చెప్పాడు. ఇక్కడి చేపకి పసుపు కాస్త ఎక్కువ పట్టించాలన్నాడు. సూరమ్మ అడ్డురాకుండా అంతా విన్నది.

"మరి రెండేళ్ళకోసారి నెల్లాళ్ళు ఇంటికొస్తావు కదా" అంది నెమ్మదిగా. "నాకు జొరమొచ్చి పడుకున్నా ఒక్కనాడు గిన్నె ముట్టవేటి?"

కొండయ్య సాయం కోసమన్నట్టు నిఖిల వైపు చూశాడు.

ఆ ప్రశ్న తెలుగులోనే ఉంది. నిఖిల పక్కకి జరిగి, సూరమ్మకి అతను బాగా కనబడేలా ఎండకి అడ్డు తప్పుకుంది.